హిమాలయ విద్యుత్తుకు దారేది?

2024 నవంబరు 15న నేపాల్ జలవిద్యుత్తు భారత భూభాగం మీదుగా తొలిసారి బంగ్లాదేశ్ చేరింది. పరిమాణం 40 మెగావాట్లు. విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోని అతి చిన్న యూనిట్ సామర్థ్యంలో అది అయిదో వంతు కూడా కాదు. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకే సరఫరా చేయాలన్నది ఒప్పందం. అందువల్ల మూడు దేశాల మంత్రులు లాంఛనంగా ప్రారంభించిన ఆ ప్రవాహం ఆ ఏటికి ఆ ఒక్కరోజుతోనే ముగిసిపోయింది. తిరిగి 2025 జూన్ 15న మొదలైంది. ఇంత స్వల్ప వ్యవహారానికి అంత ఆర్భాటం దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ దక్షిణాసియాలో ఒక దేశం మూడో దేశపు తీగల మీదుగా మరో దేశానికి విద్యుత్తు అమ్మడం అదే ప్రథమం. సముద్ర తీరం లేని నేపాల్‌కు అది భారతదేశానికి ఆవల లభించిన మొట్టమొదటి విద్యుత్ విపణి. ఆ 40 మెగావాట్లు 400 అవుతాయా, 4 వేలవుతాయా, లేక అక్కడే ఆగిపోతాయా అన్నది ఖాట్మండు, ఢాకాల కంటే ఎక్కువగా న్యూఢిల్లీ చేతిలో ఉంది.

నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ, బంగ్లాదేశ్ విద్యుదభివృద్ధి మండలి, మన ప్రభుత్వరంగ ఎన్‌టీపీసీకి అనుబంధమైన విద్యుత్ వ్యాపార నిగమ్ 2024 అక్టోబరు 3న ఖాట్మండులో ఈ ఒప్పందంపై సంతకాలు చేశాయి. కాలపరిమితి అయిదేళ్లు. యూనిట్ ధర 6.4 అమెరికన్ సెంట్లు. నేపాల్‌లోని ఢల్కేబర్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్ వరకు ఉన్న 400 కిలోవోల్టుల లైను చివర ఈ ధర వర్తిస్తుంది. అక్కడి నుంచి పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్‌కు, ఆ పైన సరిహద్దు దాటి భేరామారాకు విద్యుత్తును చేరవేసే ఖర్చులు, భారత సంస్థ కమిషను కొనుగోలుదారు భరించాలి. అయిదు నెలలూ నిరాటంకంగా సాగితే సుమారు 14 కోట్ల 70 లక్షల యూనిట్లు. నేపాల్‌కు ఏటా 90 లక్షల డాలర్లకు పైబడిన రాబడి. ఈపాటి దానికి పట్టిన కాలం గమనార్హం. విద్యుత్ సహకారంపై నేపాల్, బంగ్లాదేశ్ అవగాహన పత్రం రాసుకున్నది 2018 ఆగస్టులో. మొదటి యూనిట్ చేరేసరికి ఆరేళ్లు దాటింది. చివరి ఘట్టంలోనూ అవాంతరం తప్పలేదు. 2024 జూలై చివర సంతకాలకు ముహూర్తం పెట్టుకోగా ఢాకాలో చెలరేగిన ఆందోళనలతో అది వాయిదా పడింది. ఆగస్టు 5న షేక్ హసీనా ప్రభుత్వం కుప్పకూలింది. అనంతరం వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం గత ప్రభుత్వ ఒప్పందాలను అనేకం తిరగదోడినా దీన్ని మాత్రం నిలబెట్టింది. చౌక విద్యుత్తు అవసరం ప్రభుత్వాలతో పాటు మారేది కాదు కదా!

నేపాల్ అమ్మకందారు కావడమే ఒక విశేషం. ఖాట్మండు శివార్లలోని ఫర్పింగ్ వద్ద 1911లోనే 500 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం వెలిసింది. ఉపఖండంలోని అనేక నగరాలకు కరెంటు దీపం తెలియని రోజులవి. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 2008-09 చలికాలంలో, అదే ఖాట్మండులో రోజుకు 16 గంటలు కోత అమలయింది. రాణాల కాలంలో రాజమందిరాలు వెలిగించుకున్న దేశం ప్రజాస్వామ్యం వచ్చాక ప్రజల ఇళ్లు వెలిగించలేకపోయింది. 83 వేల మెగావాట్ల సైద్ధాంతిక సామర్థ్యం ఉన్నదని 1960ల నుంచి చెప్పుకుంటూ వచ్చినా, ఆ అంకె పాఠ్యపుస్తకాలను దాటి పవర్‌హౌస్‌లకు చేరలేదు. 2016లో పరిస్థితి మలుపు తిరిగింది. ఢల్కేబర్-ముజఫర్‌పూర్ లైను ఆ ఏడాది పనిచేయనారంభించింది. భారత్ నుంచి దిగుమతి పెరిగింది. ప్రాధికార సంస్థ అధిపతిగా వచ్చిన కుల్‌మాన్ ఘిసింగ్, పరిశ్రమల్లో కొందరికే నిరంతరంగా అందుతున్న కరెంటును క్రమబద్ధం చేసి రాజధానిలో కోతలకు స్వస్తి పలికారు. మరో రెండేళ్లలో దేశమంతటా కోతలు ముగిశాయి. 2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి పూర్తయింది. ఆ ఏడాది నవంబరులో 39 మెగావాట్లను భారత విద్యుత్ ఎక్స్ఛేంజీలో అమ్ముకునేందుకు మన ప్రభుత్వం తొలిసారి అనుమతించింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో నేపాల్ విద్యుత్ ఎగుమతుల రాబడి దిగుమతుల ఖర్చును స్వల్పంగానైనా మించింది. చరిత్రలో మొదటిసారి ఆ పద్దు మిగులు చూపింది.

ఈ మిగులు విలువ ఆ దేశానికి ఎంతటిదో గ్రహించాలంటే అది ఇంకేమి ఎగుమతి చేస్తున్నదో చూడాలి. ముఖ్యంగా మనుషులను. గల్ఫ్ దేశాలు, మలేసియా, భారతదేశంలో శ్రమిస్తున్న నేపాలీలు పంపే సొమ్ము ఆ దేశ స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు నాలుగో వంతు. మన పట్టణాల్లో రాత్రిళ్లు ఈల ఊదుతూ వీధులు తిరిగే కాపలాదారు, హైదరాబాద్ ఫలహారశాలల్లో పని చేసే కుర్రవాడు ఆ లెక్కలోని వారే. కొండల నుంచి దిగి వచ్చే నీటిని విద్యుత్తుగా మార్చి అమ్ముకోగలిగితే మనుషులను పంపవలసిన అగత్యం కొంతైనా తగ్గుతుందన్న ఆశ నేపాల్ రాజకీయాల్లో పార్టీలకు అతీతంగా ఉంది. 2024 జనవరి 4న విదేశాంగమంత్రి జైశంకర్ ఖాట్మండు పర్యటన సందర్భంగా పదేళ్లలో 10 వేల మెగావాట్ల కొనుగోలుకు భారత్ ఒప్పందం చేసుకున్నప్పుడు అక్కడ సంతోషం వ్యక్తమైంది. సందేహాలూ వినిపించాయి. రెండూ సహేతుకమే.

సందేహాలకు మూలం నిబంధనల్లో ఉంది. 2016 డిసెంబరులో మన విద్యుత్ మంత్రిత్వశాఖ జారీచేసిన సరిహద్దుల మధ్య విద్యుత్ వ్యాపార మార్గదర్శకాలు భారతీయ యాజమాన్యం ఉన్న ప్రాజెక్టులకు పెద్దపీట వేసి, తక్కిన వాటిని ఒక్కొక్కటిగా వడపోయాలని శాసించాయి. నేపాల్, భూటాన్ అభ్యంతరం తెలపడంతో 2018 డిసెంబరులో వాటిని సడలించారు. భారతీయ వ్యాపార సంస్థ మధ్యవర్తిగా ఉంటే మూడు దేశాల మధ్య లావాదేవీకి అవకాశం కల్పించారు. 40 మెగావాట్ల ఒప్పందానికి తలుపు తెరిచింది ఆ సడలింపే. కానీ 2021 నాటి అమలు నిబంధనలతో మరో కిటికీ మూసుకుంది. మనతో భూసరిహద్దు కలిగి, విద్యుత్ సహకార ఒప్పందం లేని దేశపు పెట్టుబడి ఉన్న కేంద్రాల విద్యుత్తు మనకు అక్కరలేదన్నారు. పేరు చెప్పకపోయినా అది చైనా. 2020 నాటి గల్వాన్ ఘర్షణ తర్వాత ఈ జాగ్రత్తను తప్పుపట్టలేం. మన సొమ్ముతో పొరుగున చైనా ఆస్తులకు ఊపిరి పోయవలసిన పని లేదు. చిక్కల్లా, ఆచరణలో ఈ నిషేధం పెట్టుబడిదారుల దగ్గర ఆగకుండా గుత్తేదారుల దాకా సాగడం. అప్పర్ తామాకోశినే తీసుకుంటే, అందులో విదేశీ పెట్టుబడి లేదు. నేపాల్ ఉద్యోగుల భవిష్యనిధి, ప్రభుత్వరంగ టెలికాం సంస్థ, సామాన్య ప్రజలు కొన్న వాటాలతో ఆ దేశం గర్వంగా కట్టుకున్న కేంద్రమది. సివిల్ పనులను ఒక చైనా కంపెనీ గుత్తకు తీసుకుని చేసింది. ఆ ఒక్క కారణంగా నేపాల్‌లోకెల్లా పెద్దదైన విద్యుత్ కేంద్రం మన విపణికి అంటరానిదైంది. సొరంగం తవ్విన కూలి డబ్బు ఏనాడో చెల్లిపోయింది. ఈనాడు ఆ నీటి మీద వచ్చే ప్రతి రూపాయీ నేపాలీయులదే. దానిని నిరాకరించడం వల్ల బీజింగ్‌కు పోయేదేమీ లేదు. ఖాట్మండులో భారత వ్యతిరేకతను సరుకుగా అమ్ముకునే వారికి మాత్రం ఇది అయాచితంగా దొరికిన సరంజామా.

అనుమతులు ప్రాజెక్టుల వారీగా, గడువుల వారీగా రావడం మరో బెడద. 2024 నాటికి 900 మెగావాట్లకు పైబడిన నేపాల్ విద్యుత్తు మన విపణిలో ప్రవేశానికి అనుమతి పొందింది. హర్యానా, బీహార్ వంటి రాష్ట్రాలు దీర్ఘకాల కొనుగోళ్లకు ముందుకొచ్చాయి. ఇది తక్కువ పురోగతి కాదు. అయినా, గడువు తీరినప్పుడల్లా అర్జీ పట్టుకుని పొరుగు దేశపు కార్యాలయం ముందు నిలబడవలసిన సరకును నమ్మి పాతికేళ్ల అప్పు ఇచ్చే బ్యాంకు ఎక్కడ దొరుకుతుంది? జలవిద్యుత్ కేంద్రానికి ఖర్చంతా మొదటే. ఇంధనం తర్వాత ఉచితం. కనుక ఆ వ్యాపారానికి యూనిట్ ధర ఎంత ముఖ్యమో, కొనుగోలు హామీ కాలం అంతకంటే ముఖ్యం.

ఇక్కడ బహిరంగంగా చర్చకు రాని అంశం ఒకటుంది. బంగ్లాదేశ్ విపణికి దారి ఇవ్వవలసిన భారత్ ఆ విపణిలో తానే పెద్ద అమ్మకందారు. బహరంపూర్-భేరామారా లింకు ద్వారా 2013 నుంచి, త్రిపుర నుంచి కొమిల్లాకు 2016 నుంచి మన విద్యుత్తు వెళుతోంది. ఝార్ఖండ్‌లోని గొడ్డాలో అదానీ సంస్థ 1,600 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని పూర్తిగా బంగ్లాదేశ్ కోసమే నెలకొల్పగా అది 2023లో సరఫరా ప్రారంభించింది. అన్నీ కలిపితే సామర్థ్యం 2,500 మెగావాట్లను మించుతుంది. దారి కాచేవాడూ, సంతలో ఎదుటి దుకాణదారూ ఒకడే అయినప్పుడు బాటసారికి అనుమానం కలగడం సహజం. ఆ అనుమానానికి తావు లేదని మాటల్లో చెబితే చాలదు; చేరవేత రుసుము, లైన్ల సామర్థ్యం కేటాయింపు, అనుమతుల గడువు అందరికీ ఒకే నియమం ప్రకారం ఉన్నాయని నిరూపించాలి. బొగ్గు విద్యుత్తుకు బంగ్లాదేశ్ చెల్లించవలసిన బకాయిలు పేరుకుని 2024 నవంబరులో గొడ్డా నుంచి సరఫరా సగానికి తగ్గిన ఉదంతం కొనుగోలుదారు బలహీనతనూ బయటపెట్టింది. అంతకు ముందే, ఢాకాలో ప్రభుత్వం మారిన వారం రోజుల్లో, గొడ్డా వంటి కేంద్రాలు స్వదేశంలోనూ అమ్ముకునేలా మన కేంద్రప్రభుత్వం నిబంధనలు సవరించింది. మన అమ్మకందారుకు ఒక విపణి మూతపడితే మరొకటి తెరిచే చురుకుదనం వారంలో సాధ్యమైంది. నేపాల్ అమ్మకందారుకు అదే అవకాశం రావడానికి ఆరేళ్లు ఎందుకు పట్టిందో చెప్పవలసిన బాధ్యత ఢిల్లీపై ఉంది.

తీగలు లేక, ఉన్నచోట తీగల్లో చోటు లేక పడే అవస్థ తెలుగువారికి ఒకరు చెప్పనవసరం లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను పనిచేసే వరకు దక్షిణాది గ్రిడ్, దేశంలోని తక్కిన గ్రిడ్‌తో ఏకం కాలేదు. అంతకు ముందు తూర్పు ప్రాంతపు విద్యుత్తు మనకు రావాలంటే విశాఖపట్నంలోని గాజువాక కేంద్రం వంటి పరిమిత ద్వారాలే ఆధారం. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలు వారంలో కొన్ని రోజులు విద్యుత్ సెలవులతో మూతబడగా, దేశంలో మరోచోట మిగులు విద్యుత్తు ఇంతకంటే చౌకగా దొరికేది. సరకు ఉంది, కొనేవాడు ఉన్నాడు, బాట ఇరుకు. భేరామారాలో ఉన్నది గాజువాక తరహా కేంద్రమే. రెండు వేర్వేరు గ్రిడ్లను అధిక వోల్టేజి ఏకముఖ విద్యుత్ ప్రక్రియతో కలిపే ద్వారం. గ్రిడ్లు కలిసిన తర్వాత దక్షిణాదిలో విద్యుత్ ఎక్స్ఛేంజీ ధరలు ఉత్తరాది ధరలకు ఎలా చేరువయ్యాయో చూసినవారికి, సరిహద్దు దాటిన గ్రిడ్ల అనుసంధానం ఏమి చేయగలదో ఊహించడం కష్టం కాదు.

అయితే నేపాల్ సరకులో ఒక లోపం ఉంది. ఆ దేశ కేంద్రాల్లో అత్యధికం ఏటి ప్రవాహం మీద నడిచేవి. నీటిని నెలల తరబడి నిలవచేసే జలాశయాలు లేనివి. 1982లో మొదలైన కులేఖాని తప్ప చెప్పుకోదగ్గ నిలవ ప్రాజెక్టు ఏదీ 2025 నాటికి పనిచేయడం లేదు. వానకాలంలో నదులు పొంగినప్పుడు కరెంటు పొర్లిపోతుంది. చలికాలంలో ఉత్పత్తి మూడో వంతుకు పడిపోయి భారత్ నుంచి కొనుక్కోవలసి వస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ పరిస్థితికి అతికినట్లు సరిపోతుంది. వానకాలంలో మన జలాశయాలూ నిండి ఉంటాయి, ధర తక్కువ. చలికాలంలో నేపాల్ కొనేవేళకు ధర ఎక్కువ. పైగా మన దేశంలో సౌరవిద్యుత్తు వెల్లువెత్తుతోంది. 2025 వేసవిలో కొన్ని మధ్యాహ్న వేళల్లో ఎక్స్ఛేంజీలో ధర దాదాపు సున్నాకు జారింది. పగటి కరెంటు అమ్మేవారికి ఇకపై భారత విపణిలో పెద్దగా మిగిలేది ఉండదు. సూర్యాస్తమయం తర్వాత, దీపాలూ పంకాలూ శీతల యంత్రాలూ ఒక్కసారిగా పనిచేసే నాలుగైదు గంటలకే గిరాకీ. పగలంతా నీరు పట్టి ఉంచి సాయంత్రం వదిలే కేంద్రాలు కట్టగలిగితే నేపాల్ విద్యుత్తుకు పదేళ్ల తర్వాతా విలువ ఉంటుంది. లేకుంటే 10 వేల మెగావాట్ల ఒప్పందం కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

బంగ్లాదేశ్ నేపాల్‌కు అవసరం కావడానికి కారణమూ ఇదే. అక్కడి గిరాకీ వేసవి, వానకాలాల్లో పతాకస్థాయికి చేరి చలికాలంలో బాగా తగ్గుతుంది. అంటే నేపాల్‌కు మిగులు ఉన్న నెలల్లో బంగ్లాదేశ్‌కు కొరత. నేపాల్‌కు కొరత ఉన్న నెలల్లో బంగ్లాదేశ్ కేంద్రాలు కొన్ని ఖాళీగా ఉంటాయి. ప్రకృతి ఇంత చక్కగా జత కూర్చిన విపణులు అరుదు. ఆ దేశంలో జలవిద్యుత్తుకు అనువైన కొండలు అంతగా లేవు. సహజవాయు నిల్వలు తరుగుతున్నాయి. దిగుమతి ఇంధనం కొనే ప్రతిసారీ డాలర్లు వెతుక్కోవలసి వస్తున్నది. ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమైన 2022లో ద్రవీకృత సహజవాయువు ధర ఆకాశాన్నంటినప్పుడు కేంద్రాలను ఆపుకుని చీకట్లో గడిపిన అనుభవం ఆ దేశానిది. ఆ రుచి తెలిసినవారికి కొండ నీటి కరెంటు విలువ తెలియకపోదు.

నేపాల్ పాలకుల వైఫల్యాలను ఉపేక్షించి భారత్‌ను మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. 1200 మెగావాట్ల బూఢీగండకి నిలవ ప్రాజెక్టును ఒక ప్రభుత్వం చైనా కంపెనీకి కట్టబెట్టింది. 2017లో మరో ప్రభుత్వం రద్దు చేసింది. 2018లో వేరొకటి తిరిగి అదే కంపెనీకి అప్పగించింది. 2022లో మళ్లీ రద్దయింది. అప్పటికి నదిలో ఎన్ని వరదలు వచ్చిపోయాయో! తెలుగు పాఠకులకు తెలిసిన ఉదాహరణ అప్పర్ కర్ణాలి. ఉత్తరాంధ్రలోని రాజాంలో మొదలై శంషాబాద్ విమానాశ్రయం నిర్మించే స్థాయికి ఎదిగిన జీఎంఆర్ సంస్థ ఈ 900 మెగావాట్ల ప్రాజెక్టును 2008లో దక్కించుకుంది. నేపాల్‌కు 12 శాతం విద్యుత్తు, 27 శాతం వాటా ఉచితంగా ఇస్తామన్నది. 2014 సెప్టెంబరులో నిర్మాణ ఒప్పందం కుదిరింది. అందులోంచి 500 మెగావాట్లు కొనేందుకు బంగ్లాదేశ్ సుముఖత చూపింది. నిధుల సమీకరణకు ఇచ్చిన గడువులు వరసగా దాటిపోయాయి. వ్యవహారం న్యాయస్థానానికీ ఎక్కింది. 2025 నాటికీ ఆనకట్ట లేవలేదు. కొనుగోలు ఒప్పందం లేనిదే అప్పు పుట్టదు, మూడు దేశాల ఒడంబడిక లేనిదే కొనుగోలు ఒప్పందం ముందుకు సాగదు. ఈ విషవలయంలో పదిహేనేళ్లు గడిచిపోయాయి. దీనికి భిన్నంగా, 1995లో ప్రపంచబ్యాంకు చేయి వదిలేసిన అరుణ్-3ను మన ప్రభుత్వరంగ ఎస్‌జేవీఎన్ చేపట్టింది. 2018 మేలో ఉభయ ప్రధానులు శంకుస్థాపన చేయగా పని సాగుతూ వచ్చింది. 900 మెగావాట్లలో నేపాల్‌కు ఉచితంగా దక్కేది 21.9 శాతం. కొనేవారు ఎవరో ముందే తేలిన చోట కొండ తొలుస్తున్నారు, తేలని చోట కాగితాలు కదులుతున్నాయి.

అపనమ్మకం నిన్న మొన్నటిది కాదు. 1954 కోశి, 1959 గండక్ ఒప్పందాల్లో తమకు దక్కవలసినది దక్కలేదన్న భావన నేపాలీ మనస్సుల్లో నాటుకుపోయింది. ఫలితంగా సహజ వనరుల పంపిణీకి సంబంధించిన ముఖ్యమైన ఒప్పందాలకు పార్లమెంటులో మూడింట రెండువంతుల ఆమోదం కావాలని 1990 రాజ్యాంగంలో రాసుకున్నారు. 1996లో మహాకాళి ఒప్పందం ఆ గండం గట్టెక్కినా, దాని కింద కట్టవలసిన పంచేశ్వర్ ఆనకట్ట మూడు దశాబ్దాలకూ మొదలు కాలేదు. 2015-16లో సరిహద్దు వద్ద నెలల తరబడి సరకులు నిలిచిపోయి వంటగ్యాసుకు కటకటలాడిన అనుభవం ఆ గాయాన్ని మళ్లీ రేపింది. అక్కడి గృహిణులు కరెంటు పొయ్యిల వైపు మళ్లడం ఆ కటకట నేర్పిన పాఠమే. ఆ మాటకొస్తే, నేపాల్ తలసరి విద్యుత్ వినియోగం ఏటా 400 యూనిట్ల పరిసరాల్లోనే ఉంది. భారత సగటులో అది మూడో వంతు కూడా కాదు. అమ్మకానికి ముందు ఇంట్లో వాడుకోవాలని, వంటగ్యాసు, పెట్రోలు దిగుమతి తగ్గించుకోవాలని వాదించే ఆర్థికవేత్తలు అక్కడ ఉన్నారు. కొత్తగా దిగుమతయ్యే కార్లలో అధికభాగం విద్యుత్ వాహనాలే కావడం ఆ దిశగా మంచి సూచన. ఎగుమతికీ ఇంటి వాడకానికీ పోటీ లేదు. వానకాలపు మిగులు ఎంత వాడినా తరగనిది.

హిమాలయం మీద పెట్టుబడికి మరో ప్రమాదం పొంచి ఉంది. 1985 ఆగస్టులో డిగ్‌త్సో హిమానీ సరస్సు తెగి నామ్చే సమీపంలో దాదాపు పూర్తయిన జలవిద్యుత్ కేంద్రాన్ని తుడిచిపెట్టింది. 2024 సెప్టెంబరు చివరి వరదల్లో అప్పర్ తామాకోశితో సహా అనేక కేంద్రాలు దెబ్బతిని నెలల తరబడి మూలపడ్డాయి. 2025 జూలై 8న భోటేకోశి వరద 111 మెగావాట్ల రసువాగఢీ కేంద్రాన్ని తాకి, చైనాతో కలిపే వంతెనను కొట్టుకుపోయింది. అమ్మే సరకు ఏ ఏడు ఎంత ఉంటుందో మంచుకొండలే నిర్ణయిస్తున్న ఈ దశలో, ఒకే నదిపై వరసగా కేంద్రాలు గుచ్చుకుంటూ పోవడం వివేకం కాదు. హిమానీ సరస్సులపై నిఘాకు, వరద హెచ్చరికలకు అయ్యే ఖర్చును కరెంటు ధరలో కలుపుకోవాలి. ఆ విద్యుత్తు కొనే భారత్‌కూ ఈ ఖర్చులో పాలు ఉండాలి. కిందికి దిగివచ్చే వరద బీహార్‌ను వదిలిపెట్టదు.

భూటాన్ కథ వేరు. చుఖా ప్రాజెక్టుకు భారత్ 60 శాతం గ్రాంటుగా, 40 శాతం అప్పుగా ఇచ్చి, మిగులంతా కొంటూ వచ్చింది. చుఖా, తాలా, మాంగ్‌దేఛు కేంద్రాలు ఆ దేశ ఖజానాకు వెన్నెముక. కొండ జారి ఏళ్ల తరబడి చిక్కుకున్న పునాత్సాంగ్‌ఛు-1 అప్పుల భారం ఆ నమూనా పరిమితులను చూపింది. అందుకే థింపూ టాటా వంటి ప్రైవేటు సంస్థలను వాటాదారులుగా పిలుస్తున్నది. భూటాన్‌కు ఉన్న నమ్మకం నేపాల్‌కు లేదు. ఉండాలని ఆశించడమూ పొరపాటు. ఏడున్నర లక్షల జనాభా ఉన్న దేశం ఒకే కొనుగోలుదారుతో సర్దుకోవచ్చు. మూడు కోట్ల జనాభా ఉన్న దేశం మరో వాకిలి వెతుక్కుంటుంది. ఆ వాకిలి మన పెరట్లోంచే తెరుచుకోవడం మనకే క్షేమం.

2014 నవంబరులో ఖాట్మండులోనే సార్క్ నేతలు విద్యుత్ సహకార ఒడంబడికపై సంతకాలు చేశారు. ఆ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ఎనిమిది దేశాల గ్రిడ్ గురించి ఇక మాట్లాడుకోవడం కాలక్షేపం. శ్రీలంకతో సముద్రగర్భ లింకుకు 2025 ఏప్రిల్‌లో అవగాహన కుదిరినా అది ఎప్పటి మాటో. చేతికందే దూరంలో ఉన్నది నేపాల్-భారత్-బంగ్లాదేశ్ త్రికోణమే. నేపాల్ వైపు భాగాన్ని అమెరికా మిలీనియం ఛాలెంజ్ నిధులతో తలపెట్టిన బుట్వల్-గోరఖ్‌పూర్ 400 కిలోవోల్టుల లైను, ఆ వెనుక పూర్నియా, బరేలీలకు తలపెట్టిన లైన్లు పూర్తయితే నేపాల్ సరిహద్దుల్లో ఇరుకు తగ్గుతుంది. బంగ్లాదేశ్ వైపు అడ్డంకి అలాగే ఉంది.

సిలిగురి వద్ద నేపాల్, బంగ్లాదేశ్‌లను వేరుచేస్తున్న భారత భూభాగం, అతి ఇరుకైన చోట, పాతిక కిలోమీటర్లకు లోపే. అయినా నేపాల్ కరెంటు ముజఫర్‌పూర్, బహరంపూర్ చుట్టి వందల కిలోమీటర్లు ప్రయాణించి భేరామారా చేరుతోంది. అక్కడి వెయ్యి మెగావాట్ల లింకు మన సొంత ఎగుమతులకే చాలనిది. కతిహార్ నుంచి బంగ్లాదేశ్‌లోని పార్వతీపూర్ మీదుగా అసోంలోని బోర్నగర్ వరకు 765 కిలోవోల్టుల లైను వేగవంతం చేయాలని 2024 జూన్‌లో ఢిల్లీ, ఢాకా నిర్ణయించుకున్నాయి. ఈశాన్య రాష్ట్రాల విద్యుత్తు మనకు చేరడానికి అది కావాలి. బంగ్లాదేశ్ నేల మీదుగా మన కరెంటు వెళ్లడానికి ఢాకాను మనం దారి అడుగుతున్నాం. ఆ లైను సామర్థ్యంలో నేపాల్ విద్యుత్తుకు ఎన్ని మెగావాట్లు, ఏ రుసుముపై, ఎన్నేళ్లకు కేటాయించేదీ ఆ ఒప్పంద పత్రంలోనే రాయడానికి ఢిల్లీకి అభ్యంతరం ఎందుకుండాలి?